బండి ఱ సంగతి

మా పుట్టింట్లో తాత తరువాత తెలుగు చదువుకున్నది నేనొక్కదాన్నే అంటే ఎవరూ నమ్మరు. బడికి మాత్రం పోలేదు. మా తాత పురాణం చదివేవాడు. కళ్ళు మసకబారుతున్నాయని, నేను చదివి వినిపించాలని, ఇసుక పోసిన పళ్ళెంలో వేలు పట్టి దిద్దించాడు. పెద్దపల్లి దగ్గరి మా పల్లెలో మగపిల్లలు ఉర్దూ బడికి పోయేవాళ్ళు, ఎందుకంటే నౌకరీ ఉర్దూలో ఉంది. తెలుగులో ఏముంది? పురాణం ఉంది. అది నాకు దక్కింది. అక్షరాలతో పాటు పద్యాల చివర వేసే అంకెలూ దక్కాయి. ౧, ౨, ౩ అని తాత దిద్దించినవి.

నన్ను చేసుకున్నాయన లెక్కల సారు. కరీంనగర్‌లో ఉర్దూలో మెట్రిక్ చదివి, పెద్దపల్లిలో ఒక పెద్ద బడిలో ఉర్దూలోనే లెక్కలు చెప్పేవారు. ఇంట్లో మాట్లాడేది మా అందరిలాగే తెలుగు. రాయమంటే మాత్రం తన పేరు దగ్గరే చెమటలు పట్టేవి. అప్పట్లో అది తప్పుగా ఎవరికీ తోచలేదు. ఆయన తెలుగు రాయకపోవడం, నేను ఉర్దూ చదవకపోవడం, రెండూ ఒకటే అనుకునేవాళ్ళం.

పోలీసు చర్య అయి నిజాం సర్కారు పోయాక లోకం తిరగబడింది. కింది తరగతులు ముందు తెలుగైపోయాయి. తెలుగులో చదివిన పిల్లలు ఏడాదికొక మెట్టు ఎక్కుతూ వచ్చి, ఒక వేసవికి ఆయన తరగతి గుమ్మం దాకా వచ్చారు. జూన్‌లో బడి తెరిచిన రోజే ఒక ఆఫీసరు వచ్చి ఉర్దూ సార్ల పాఠాలు వింటాడని, తెలుగులో చెప్పగలిగినవాళ్ళకు పెద్ద తరగతులు, చెప్పలేనివాళ్ళను అడవి జిల్లాలో చిన్న బడులకు పంపుతారని కబురొచ్చింది. చిన్న బడి అంటే ఒకటో తరగతికి ఒకటి, రెండు అని ఒంట్లు నేర్పడం. ఆయనకు అల్జీబ్రా అంటే ప్రాణం. కొందరు భోజనం చేశాక తమలపాకు వేసుకుంటారు, ఆయన ఒక లెక్క వేసుకునేవారు.

ఆ వేసవిలో ఒకరోజు తలుపు దగ్గరకు వేసి, చిన్న గొంతుతో అడిగారు.

"ఏమే, నీకు తెలుగు మంచిగ వస్తది గదా. జర నాకు నేర్పుతవా?"

పెండ్లయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది మంచినీళ్ళు, అన్నం, తువ్వాలు. నేర్పమని అడిగేసరికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎంత పొంగానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

"నేర్పుత గని, మాట వినాలె మరి," అన్నాను.

విన్నారు. పీట వేసుకుని పలక పట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే పలక బోర్లా తిప్పి, నన్ను గద్దించినట్టు "చాయ్ పెట్టు" అనేవారు. వాళ్ళు పోగానే మళ్ళీ నా శిష్యుడే. నేనూ ఊరుకోలేదు. "ఏం సారూ, పొద్దుగాల దీర్ఘాలు గిట్ల తిన్నరా? ఒక్కటి గూడ కనవడ్తలేదు" అని ఏడిపించేదాన్ని. పాపం, నవ్వి మళ్ళీ దిద్దుకునేవారు. ఒకసారి కొమ్ము మరిచిపోయారని బలపంతో వేలి మీద కొట్టాను కూడా. అలాంటి అయ్యవారిని నేను.

అక్షరాలు వచ్చాక పాఠం మొదలైంది. కొత్త తెలుగు లెక్కల పుస్తకాలు ఇంకా రాలేదు. చేతిలో ఉన్నది ఉర్దూ పుస్తకమే. ఆయన దాన్ని చూసి మాట మాటగా చెబితే, నేను తెలుగులో పెట్టి రాయించాలి. ఆఫీసరు ముందు చెప్పడానికి ఆయన ఎంచుకున్నది ‘అజ్జాయె జర్బీ’ అనే పాఠం.

"అంటే ఏంది?" అన్నాను.

"రెండింటిని గుణిస్తే ఒకటి వస్తది గదా. ఆ వచ్చినదాన్ని మనకిచ్చి, ఏ రెండింటిని గుణిస్తే వచ్చిందో చెప్పుమంటరు. ఆ రెండు అన్నట్టు."

నేను కొంచెం ఆలోచించాను. ఒకటి పుట్టడానికి కారణమైన రెండింటిని ఏమంటారు? "అవ్వబాపులు," అన్నాను. మా వైపు తల్లీతండ్రీ అంటే అవ్వా బాపూనే.

ఆయన నా ముఖం చూసి, మెల్లగా తలూపారు. "మంచిగున్నది. పిల్లలకు జల్ది సమజయితది," అన్నారు. ఆ మెప్పుకు నేను రెండు రోజులు ఊరంతా మోగిపోయాను, లోలోపలే లెండి.

తరువాత అక్షరం కావాల్సి వచ్చింది. విలువ తెలియనిదానికి పేరుగా ఒక అక్షరం పెట్టుకుంటారట. ఉర్దూ పుస్తకంలో దాన్ని ‘లా’ అని రాశారు. తెలుగులో ఏం పెట్టాలి? ‘క’ పెడితే మాటల్లో కలిసిపోతుంది. ‘అ’ పెట్టినా అంతే. నాకు బండి ఱ గుర్తొచ్చింది. పురాణంలో తప్ప ఎక్కడా కనపడదు, పనీపాటా లేకుండా మూలకు కూర్చున్న అక్షరం. "దీనికన్న ఒక నౌకరీ ఇయ్యుండ్రి," అన్నాను. ఆయన పగలబడి నవ్వి, ఇచ్చారు. ఱ ను ఱ తోనే గుణిస్తే ఎలా రాయాలన్నది నాకు తెలియదు. పక్కపక్కన రెండు నిలబెట్టమన్నాను.

అంకెల దగ్గర ఇద్దరం ఒక్క క్షణమైనా ఆగలేదు. ఉర్దూ పుస్తకంలో ఉర్దూ అంకెలున్నాయి. కాబట్టి తెలుగు పాఠంలో తెలుగు అంకెలుండాలి. దీనికి ఆలోచన ఏముంది? మా తాత అంకెలన్నీ ఆయనతో దిద్దించాను. చివరికి పలక మీద లెక్క ఇలా తయారైంది:

ఱఱ + ౭ఱ + ౧౦

"దీనికి అవ్వబాపులు కావాలె," అని ఆయన నాకే పాఠం చెప్పి చూసుకున్నారు. "గుణిస్తే చివరిది రావాలె, కలిపితే నడిమిది రావాలె. పది రావాలె, ఏడు రావాలె. ఏ రెండు?"

పొయ్యి మీద పప్పు కలుపుతూ వేళ్ళ మీద వెతికాను. ఒకటీ పదీ గుణిస్తే పదే గానీ కలిపితే పదకొండు. రెండూ ఐదూ? గుణిస్తే పది, కలిపితే ఏడు. "రెండు, ఐదు!" అని గరిటె ఎత్తి అరిచాను. అంత సంతోషం నాకు పట్టుచీర కట్టుకున్నప్పుడూ కలగలేదు. (ఱ + ౨), (ఱ + ౫). వాటిని మళ్ళీ గుణించి చూపిస్తే, విడిపోయినవి కలిసి ముందటి లెక్కే వచ్చింది. ఆ రోజు నుంచి కూర తరుగుతూ నాకు నేనే లెక్కలు వేసుకునేదాన్ని. ఒకటి ఎంతకీ తెగలేదు.

"అవ్వబాపులు లేని లెక్కలు గూడ ఉంటయా?" అని అడిగాను.

"ఉంటయి."

"అయ్యో పాపం," అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు.

మేము అద్దెకున్న ఇంటికీ బడికీ మధ్య ఒక్కటే గోడ. బడి తెరిచిన రోజు ఆయన ఉతికిన షేర్వాణీ వేసుకుని, గుమ్మంలో ఆగి, "ఏం ఫికర్ లేదు," అన్నారు. నాకు చెప్పారో తనకు చెప్పుకున్నారో తెలియదు. నేను పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం పోసి, పెరటి గోడ దగ్గరకు పోయి నిలబడ్డాను. నా పాఠం నేను వినొద్దా?

గొంతు మొదట బాగానే ఉంది. మేము పలక మీద రాసుకున్న మాటలే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను గోడ ఇవతల పెదవులు కదుపుతున్నాను. సుద్దముక్క బోర్డు మీద టకటకలాడింది. లెక్క రాస్తున్నారని తెలిసింది.

"దీనికి అవ్వబాపులు ఎవలో కనుక్కోవాలె," అన్నారు ఆయన.

ఒక పిల్లవాడు కిసుక్కుమన్నాడు. తరువాత ఇంకొకడు. తరువాత గది మొత్తం. నాకు అర్థం కాలేదు, పాఠంలో నవ్వుకునే మాట ఎక్కడుందని. అప్పుడు ఆఫీసరు గొంతు వినిపించింది. బెజవాడ వైపు మనిషి, మాట మెత్తగానే ఉంది.

"ఒక్క నిమిషం మాస్టారూ. ఏమ్మా, ఆ బోర్డు మీద చివరున్న అంకె ఏంటో చదువు."

ఒక ఆడపిల్ల లేచి చెప్పింది. "రెండు సున్నలు సార్."

"మొదట్లో ఉన్నదో?"

"ఎరుక లేదు సార్. బండి చక్రాల తీర్గున్నయి."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆఫీసరు కూడా నవ్వాడు. ఎగతాళిగా నవ్వి ఉంటే తిట్టుకునేదాన్ని. ఆ మనిషి ఆశ్చర్యంతో నవ్వాడు. "తెలుగంకెలండీ ఇవి! మా తాతగారు వేసేవారు. లెక్కల్లో ఇప్పుడివి ఎవరు వాడుతున్నారు? ఇంగ్లీషు అంకెలే కదా. అక్షరం కూడా ఎక్స్ అనే రాస్తాం. ఇక ఈ అవ్వబాపులేవిటి? కారణాంకాలు అంటారు మాస్టారూ."

గోడ ఇవతల నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. కారణాంకాలు. ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. కింది తరగతుల నుంచి పిల్లలంతా ఇంగ్లీషు అంకెలే రాస్తున్నారన్న సంగతి ఊళ్ళో ప్రతి తల్లికీ తెలిసి ఉంటుంది. మాకప్పటికి పిల్లలు లేరు. మా అత్తగారింట పద్దులన్నీ ఉర్దూలోనే సాగేవి. నా తెలుగు మా తాత దగ్గరే ఆగిపోయిందని నాకేం తెలుసు?

"ఇదంతా మీకెవరు నేర్పారండీ?" అన్నాడు ఆఫీసరు.

చెబుతారు, పెండ్లాం నేర్పిందని చెబుతారు, బడంతా నా పేరు మీద నవ్వుతుంది, ఇక బజారుకు పోలేను. ఇదే నా ఆలోచన. ఆయన నౌకరీ సంగతి కాదు, నా ముఖం సంగతి.

"ఎవలు నేర్పలే సార్. నేనే నేర్చుకున్న," అన్నారాయన.

అమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి వదిలేలోపే కోపం వచ్చింది చూడండి, అదీ నా బుద్ధి. ఎవరూ నేర్పలేదా? పీట మీద కూర్చుని దిద్దింది ఎవరి దగ్గర? పెండ్లాం దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ, అంతే, అని తేల్చేసుకున్నాను. అన్నం మాడిన వాసన వచ్చి ఇంట్లోకి పరుగెత్తాను.

మధ్యాహ్నం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. మాడిన అన్నం పెట్టాను. చివరి ముద్ద దాకా తిన్నారు.

"పాఠం ఎట్లయింది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"మంచిగనే అయింది."

నేను గోడ దగ్గర విన్నానని చెప్పలేదు. తాను నవ్వులపాలయ్యానని ఆయన చెప్పలేదు. ఆ సాయంత్రమే బజారులో పిల్లలు "అవ్వబాపుల సారు" అని వెనక నుంచి అరవడం మొదలుపెట్టారు. నెల తిరగకుండానే ఆదిలాబాదు జిల్లాకు, ఇచ్చోడకు, చిన్న తరగతులకు పంపుతున్నట్టు కాగితం వచ్చింది. మూటలు కట్టేటప్పుడు ఉర్దూ లెక్కల పుస్తకాన్ని ఆయన అడుగున పెట్టారు. మా ఇద్దరి పలకను నేనే గోనెలో దోపాను, కంటికి కనపడకుండా.

ఇచ్చోడలో పిల్లలు సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆయన వాళ్ళతో ఒంట్లు చదివించారు. తెలుగు రాత వాళ్ళతో పాటే కుదురుకుంది. తడబడిన చోట పక్క సారును అడిగేవారు, కొత్త పుస్తకం చూసేవారు. నన్ను మాత్రం మళ్ళీ ఒక్క అక్షరం అడగలేదు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. నేనూ పురాణం తీసినప్పుడు, పద్యం వరకు గట్టిగా చదివి, చివరి అంకె దగ్గర నోరు మూసుకునేదాన్ని. అన్నం తిన్నాక లెక్క వేసుకునే అలవాటు ఆయనకు పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఒకరోజు చూస్తే లేదు. అది పోవడానికి కారణం నేనేనని తెలిసి కూడా, ‘నా పేరు దాచుకున్నాడు’ అన్న కోపాన్ని భద్రంగా పెంచుకున్నాను. సిగ్గుగా అనిపించినప్పుడల్లా ఆ కోపం తీసి కప్పుకునేదాన్ని.

మాకు ఇచ్చోడలోనే ఆడపిల్ల పుట్టింది. అది పెద్ద తరగతికి వచ్చాక, ఒక సాయంత్రం నేను వాకిట్లో పొయ్యి ముందు జొన్నరొట్టెలు కొడుతున్నాను. అరుగు మీద తండ్రీ బిడ్డా కూర్చున్నారు. మధ్యలో ఒక పలక.

"బాపూ, ఈ కారణాంకాలు నాకు సమజైతలేవు," అంది పిల్ల.

"గింతేనా? లెక్క పుట్టిన తీరు చూడాలె బిడ్డా. గుణిస్తే చివరిది రావాలె, కలిపితే నడిమిది రావాలె. దీనికి అవ్వబాపులెవలో కనుక్కో."

నా చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది. ఆ మాటను ఇన్నేళ్ళు ఎక్కడ దాచారు?

పిల్ల విరగబడి నవ్వింది. "అవ్వబాపులా! గా పేరెవలు పెట్టిండ్రు బాపూ?"

"నేనే పెట్టిన," అన్నారాయన.

అదే జవాబు. అదే గొంతు. ఈసారి గోడ లేదు. నా కోపం నన్ను లేపిందనే చెప్పాలి, మంచితనం కాదు. పిండి చేతులతోనే పోయి వాళ్ళ ముందు నిలబడ్డాను.

"నేను పెట్టిన," అన్నాను.

పిల్ల ఇంకా నవ్వింది. "నువ్వా అవ్వా! నీకు అల్జీబ్రా వస్తదా?"

పలక లాక్కుని రాశాను. చెయ్యి మరిచిపోలేదు. ఱఱ + ౭ఱ + ౧౦. పిండి అంటి బలపం జారుతోంది. పిల్ల పలకను ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఇదేం రాత? మరాఠీయా? ఇగో, గీ రెండు సున్నలేంది?"

పెద్దపల్లి తరగతి గది మొత్తం మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నట్టయింది. నా బిడ్డే, నా కడుపున పుట్టిందే, ఆ ఆడపిల్ల మాటే అంది. తల ఎత్తలేకపోయాను.

అప్పుడు ఆయన పలక మీదికి వంగి, ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చదివారు. "ఱ గుణించు ఱ, ఏడు ఱ, పది. ఇవి మన తెలుగు అంకెలు బిడ్డా. మీ అవ్వ నాకు నేర్పింది."

పిల్ల నవ్వు ఆపేసింది. తెలివైనది. ఆయనను చూసి, నన్ను చూసింది. "అప్పట్ల బాపు బోర్డు మీద ఏదో తప్పు రాసిండని ఈడికి పంపిండ్రంటరు గదా. గివేనా?"

"ఔ బిడ్డా," అన్నాను. "గివే. నేను నేర్పినయే. గోడకాడ నిలవడి అంతా విన్న. ఎవలు నేర్పలేదని బాపు చెప్పింది గూడ విన్న."

అనేశాను. ఇన్నేళ్ళ తరువాత, ఆయన వినగా.

ఆయన ఉలిక్కిపడలేదు. "నాకెరుకే," అన్నారు. "బోర్డు పక్క కిటికీల నుంచి గోడ మీద నీ కొంగు కనవడ్తుండె. ఆఫీసరు అడిగినప్పుడు నిన్నే చూస్తున్న. నీ పేరెట్ల చెప్పుత?"

నేను కట్టుకున్న కోపమంతా ఒక్కసారి కూలింది. నన్ను చూస్తూ చెప్పారా ఆ మాట? నామోషీ అనుకున్నానే! ఆయన మీద వేసి కప్పుకున్నదంతా నా సిగ్గేనని తెలిశాక, దాన్ని కప్పడానికి ఇక నా దగ్గర ఏమీ మిగలలేదు. తుడిచేద్దామని పలక మీదికి చెయ్యి చాచాను.

ఆయన పలకను తన వైపు జరుపుకున్నారు. బలపం మాత్రం నాకు ఇచ్చారు.

"సగంలనే ఇడిసినవు," అన్నారు. "పిల్లకు చూపియ్యి. నాకింకా ఆ లెక్క పూర్తి కాలే."

ఆ రోజు ఆ తరగతిలో ఈ లెక్క పూర్తి కానే లేదని నాకప్పుడే గుర్తొచ్చింది. పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన ముగ్గురికీ తెలుస్తోంది. ఎవరూ లేవలేదు. తల వంచుకుని, ఆయన వైపు చూడకుండా, లెక్క కింద రాశాను.

(ఱ + ౨) (ఱ + ౫)